మొదటి ధార

నా భార్య స్తమెనాను ఆమె తమ్ముడు జెల్యో చంపాడు. కోర్టు దానికి అజాగ్రత్త అని పేరు పెట్టింది. ఊరు విధి అంది. ఆ రెండు మాటలూ నేను ఒప్పుకోలేదు. చంపాడు, అంతే.

మా దేశంలో పాత కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయిన మరుసటి ఏడు అది. అంగడికి వెళితే అరల్లో వెనిగర్ సీసాలు, ఉప్పు పొట్లాలు తప్ప ఏమీ ఉండేవి కావు. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. రోదోపి కొండల్లో మా ఊరు పైనెక్కడో ఉంటుంది కాబట్టి, కింద పట్నంలో దొరకనిది మాకు అసలే దొరకదు. అయినా పెళ్లిళ్లు ఆగలేదు. జెల్యో కొడుకు వెలిన్ పెళ్లి అక్టోబరు నెలాఖరున, దిమితర్ పండుగ రోజున పెట్టుకున్నారు. పిల్ల పేరు నెదా, కొండకు అవతలి ఊరి పిల్ల.

వెలిన్‌ను పెంచింది నా భార్యే. వాడి తల్లి వాడికి మూడేళ్లప్పుడు పోయింది. మాకు పిల్లలు లేరు. స్తమెనా పొద్దున లేచి ముందు తమ్ముడింటికి వెళ్లి వాడికి పాలు కాచి తాగించి, తర్వాత మా పొయ్యి ముట్టించేది. ఇరవై ఏళ్లు అలాగే చేసింది. పెళ్లిలో తల్లి చేయాల్సినవన్నీ ఆమే చేయాలి. వియ్యాలవారింటికి రొట్టె మోసుకెళ్లాలి, కోడల్ని గుమ్మంలో తేనెతో ఎదుర్కోవాలి, పెళ్లికారులో డ్రైవరు పక్కన కూర్చోవాలి.

ఆ పెళ్లికారే గొడవంతా.

దాన్ని అందరూ కాకి అనేవారు. నల్లగా, బరువుగా, ముందుకు సాగిన ముక్కుతో ఉండేది. మా మామగారు జిల్లా అధ్యక్షుడి డ్రైవరు. కారు ముసలిదై వేలానికొస్తే కొనుక్కొచ్చాడు. ఆయన పోయాక జెల్యో చేతికొచ్చింది. ఈ పెళ్లినాటికి దానికి ముప్ఫై మూడేళ్లు. అలాంటిది చుట్టుపక్కల నలభై ఊళ్లలో మరొకటి లేదు. జెల్యో దాన్ని తుడిచినంత శ్రద్ధగా తన ముఖం ఎన్నడూ తుడుచుకుని ఎరగడు. పరాయివాళ్ల పెళ్లికూతుళ్లను ఎందరినో అందులో తెచ్చాడు. సొంత కోడల్ని వేరే బండిలో తెస్తే ఊళ్లో తల ఎత్తుకోలేనన్నాడు.

ఆగస్టులో బ్రేకు మెత్తబడింది. జెల్యో నాలుగు చక్రాల కింద నాలుగు తెల్ల కాగితాలు పరిచి రాత్రంతా ఉంచాడు. పొద్దున చూస్తే రెండు కాగితాల మీద ఎర్రటి మరకలు. చక్రాల లోపల రబ్బరు వాషర్లు అరిగిపోయి బ్రేకు ఆయిలు కారిపోతోంది. అక్కడివరకూ వాడి తప్పేమీ లేదు. విప్పాడు, చూశాడు, వాషర్ల కోసం కింది వీధి సాలిహ్ దగ్గరికి వెళ్లాడు. సాలిహ్ బస్సు డిపోలో ముప్ఫై ఐదేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. ఆయన పెట్టెలో ఏ కాలంనాటి వాషరైనా దొరుకుతుంది. దొరకనిది ఆయిలు. సెప్టెంబరంతా జెల్యో దాని కోసం తిరిగాడు. జిల్లాలో చుక్క లేదు.

ఆ నెలాఖరున నేను మా కొట్టంలో రాకియా కాస్తున్నాను. రాకియా అంటే మా పళ్ల సారా. ఊరి బట్టీ ఉండగా ఇంట్లో కాయడం నేరం, పట్టుకుంటే రాగి బాన తీసుకుపోతారు. మా తాతనాటి బాన అది. అందుకే తలుపులు మూసుకుని కాసేవాణ్ణి. ఆ ఏడు ఆల్‌బుకారా పళ్లు విరగకాశాయి. పులిసిన గుజ్జు బానలో పోసి, మంట సన్నగా పెట్టి కూర్చున్నాను. బాన వెచ్చబడ్డాక ముందుగా వచ్చేదాన్ని మొదటి ధార అంటాం. అది తాగరు. తాగితే కళ్లు పోతాయి. సీసాల్లో పట్టి పెట్టుకుని మోకాళ్లకు రుద్దుకుంటారు, పశువుల పుళ్లు కడుగుతారు.

జెల్యో కొట్టం వెనక తలుపు తట్టి లోపలికొచ్చాడు. చేతిలో పాత బ్రేకు ఆయిలు డబ్బా ఉంది, వాళ్ల నాన్న కాలంది. దాని మీద రాసింది నాకు చదివి వినిపించాడు. ఆముదం సగం, స్పిరిటు సగం. ఇంకేమీ లేదట.

"ఆముదం మందుల దుకాణంలో దొరికింది బావా. స్పిరిటు నీ దగ్గరుంది."

"ఇది సారా రా."

"మొదటి ధార సారా ఏమిటి? పచ్చి స్పిరిటు. నిప్పు చూపిస్తే నీలంగా మండదూ?"

మండుతుంది. చెంచాలో పోసి చూపించాను కూడా. మంట నీలంగా నిటారుగా లేచింది. ఇద్దరం దాన్ని చూసి మెచ్చుకున్నాం. ఫ్యాక్టరీ సరుకు దీని కాలిగోటికి చాలదు అన్నాడు వాడు. కాకి కూడా పెళ్లిలో తాగి తూలుతుందేమో చూసుకో అన్నాను నేను. నవ్వుకున్నాం. లీటరు సీసా నిండా పోసి, మూత నేనే బిగించి ఇచ్చాను.

మర్నాడు జెల్యో ఇంటి ముంగిట కాకిలో కొత్త ఆయిలు పోసి గాలి తీశాం. గొట్టాల్లో ఒక్క బుడగ ఉన్నా బ్రేకు పట్టదు కాబట్టి, ఒకరు పెడలు తొక్కుతుండాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేసి గాలిని బయటికి పంపుతుండాలి. తొక్కేది ఎప్పుడూ స్తమెనాయే. చిన్నప్పుడు వాళ్ల నాన్న కారు బాగు చేసుకునేటప్పుడు నుంచీ అది ఆమె పని. చెప్పులు విప్పి, పరికిణీ మోకాళ్ల మధ్య సర్దుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను గాజు సీసా పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాను, గొట్టం కొసన బుడగలు చూడడానికి.

"నొక్కు అక్కా."

"నొక్కాను."

"పట్టు."

"పట్టే ఉన్నాను. నువ్వు త్వరగా కానివ్వు, పిండి పులుస్తోంది."

"వదులు."

నాలుగు చక్రాలూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. బుడగల్లేవని నేను చెప్పాను. ఆమె చివరిసారి తొక్కి, రాయిలా ఉందిరా అంది. జెల్యో కారు కిందినుంచి బయటికొచ్చి అక్క పాదం మీద ముద్దు పెట్టుకున్నాడు. ఛీ, నూనె ముఖంవాడా అని తన్నబోయింది.

పదిరోజుల తర్వాత అక్కాతమ్ముళ్లు పెళ్లి సామాను కోసం పట్నం వెళ్లారు. కొండ దిగేటప్పుడు ఆఖరి మలుపుల్లో పెడలు నేలకంటింది. అడుగున ఏమీ లేనట్టు దిగిపోయింది. అదృష్టం బాగుండి అక్కడ ఎత్తు రోడ్డుంది, కారు దానంతటదే నెమ్మదించింది. చేతిబ్రేకు లాగి ఆపారు. ఏమైందో చూద్దామని జెల్యో కిందికి దూరాడు. ఎక్కడా కారలేదు. పావుగంట పోయాక పెడలు తొక్కితే మళ్లీ రాయిలా ఉంది.

ఇది స్తమెనా నాకు చెప్పింది. చెప్పొద్దని తమ్ముడు ఒట్టు వేయించుకున్నాడట.

"కాలి కింద భూమి లేనట్టు ఉంటుంది చూడు, అలా అయిందట వాడికి," అంది. "నవ్వుతున్నాడు కానీ చెమటలు పట్టేశాయి."

నేను వెళ్లి జెల్యోను నిలదీశాను. దాచలేదు. ఆ వారమంతా ఇద్దరం కాకి చుట్టూ తిరిగాం. మళ్లీ కాగితాలు పరిచాం, తెల్లగానే ఉన్నాయి. మళ్లీ గాలి తీశాం, ఒక్క బుడగ రాలేదు. డ్రమ్ములు ఊడదీసి లోపల లైనింగు చూశాం, మందంగానే ఉంది. పెడలు దగ్గరి సిలిండరు విప్పి, వాషర్లు వెలుతురులో పెట్టి చూశాం. గీత లేదు. చర్చి పక్క వాలులో నాలుగుసార్లు నడిపి ఆపి చూశాం. నిలబడ్డచోటే నిలబడింది. ఎంత వెతికితే అంత బాగుంది. చెడిపోయిన వస్తువు చెడిపోయినట్టు కనబడితే ధైర్యంగా ఉంటుంది.

చివరికి సాలిహ్‌ను పిలిచాం. ముసలాయన కర్ర పక్కన పెట్టి, తొందర లేకుండా అంతా చూశాడు. పెడలు తొక్కి పట్టి నూరు లెక్కపెట్టాడు. కదల్లేదు. బానెట్ కింది ఆయిలు డబ్బా మూత తీసి వాసన చూశాడు. మిగిలిన పాత ఆయిలు కలిసి ఎర్రగానే ఉంది. పాత ఆయిలూ స్పిరిటు వాసనే వేస్తుంది.

"ఈ ఆయిలు ఎక్కడిదిరా?"

"ప్లోవ్‌దివ్ నుంచి స్నేహితుడు పంపాడు మామా," అన్నాడు జెల్యో.

అని నా వైపు చూశాడు.

సాలిహ్ అల్లుడు పోలీసు. ఆ ఆయిలు ఇంటిదంటే సారా ఎవరిదన్న మాట వస్తుంది. సారా ఎవరిదంటే బాన ఎక్కడన్న మాట వస్తుంది. జెల్యో చూసిన చూపు అదే. నేను వంగి, నేల మీది స్పానర్లు ఏరి పెట్టెలో వేశాను.

సాలిహ్ మూత బిగించాడు. "నాకేమీ దొరకలేదు," అన్నాడు. "అంటే లేదని కాదు. రాత్రి వచ్చే జ్వరానికి పగలు చెయ్యి పట్టి చూస్తే ఏం తెలుస్తుంది? దీని రోగం వేడిలో ఉంది. ఒక్కడివే కొండ దిగు. సగం దూరం తొక్కుతూ దిగి, పొగలు వస్తుండగా ఆపి, అప్పుడు చూడు. అది తేలేదాకా మనుషుల్ని ఎక్కించకు."

అలాగే అన్నాడు జెల్యో. చేయలేదు. కొండ దిగి ఎక్కడానికి పదిహేను లీటర్లు కావాలి. వాడి దగ్గరున్న కూపన్లన్నీ కలిపితే పెళ్లి రోజుకు సరిపోతాయి, అంతే. పరీక్షకు పోస్తే పెళ్లికి లేదు. పెళ్లికి నది పక్కనుంచి చదును రోడ్డున పోదామనీ, ఆ దారిలో బ్రేకు ముట్టుకునే పనే ఉండదనీ నాతో అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది.

పెళ్లి ముందురోజు స్తమెనా రొట్టె మీద పిండి పూలు అతికిస్తూ తలెత్తకుండానే అడిగింది.

"ఏమయ్యా, ఆ కారెక్కనా?"

"నది రోడ్డే కదా."

"రోడ్డు గురించి కాదు నేనడిగేది. మీరిద్దరూ ఏదో దాస్తున్నారు. సాలిహ్ వచ్చి వెళ్లిన దగ్గర్నుంచీ నువ్వు వాడి ముఖం చూడ్డం లేదు."

"బ్రేకు బాగానే ఉంది. నువ్వే తొక్కి చూశావు కదా."

ఆమె చెయ్యి ఆగింది. కాసేపు నన్ను చూసింది. తర్వాత గుడ్డు సొన తీసి రొట్టెకు పూయడం మొదలెట్టింది.

పెళ్లి రోజు ఎండ కాసింది. కాకి ముక్కుకు తెల్ల తువ్వాలు కట్టారు, చక్రాల మీద వైను పోశారు. వెళ్లేటప్పుడు నది రోడ్డునే వెళ్లాం. ముందు కాకి, వెనక నా వ్యాను, అందులో సన్నాయివాళ్లు, తోలుతిత్తి వాద్యం ఊదేవాడు, నా వెనక పదకొండు కార్లు. ఒక్క ఆటంకం లేదు. నెదా ఇంటి ముందు ఆడారు, తిన్నారు, గొర్రెపిల్లను కోసి పెట్టారు. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగితే స్తమెనా తలగుడ్డ అంచుతో తుడిచి, ముసలాడివయ్యావురా అని అందరి ముందూ ఎగతాళి చేసింది.

బయల్దేరేటప్పుడు నది రోడ్డుకు మళ్లబోతుంటే నెదా అవ్వ కర్ర అడ్డం పెట్టింది. తొంభై ఏళ్ల మనిషి. వచ్చిన దారినే పెళ్లికూతుర్ని తీసుకుపోతే ఆ పిల్ల అదే దారిన పుట్టింటికి తిరిగొస్తుందని మా వైపు నమ్మకం. అందరికీ తెలిసిందే. ఆ పది వారాలూ బ్రేకు తప్ప ఇంకేమీ తలకెక్కని మా ఇద్దరికే అది గుర్తులేదు. ఇంకో దారంటే కనుమ దారి. ఎక్కడం నాలుగు కిలోమీటర్లు, దిగడం పదకొండు.

జెల్యో కారు దిగి నా వ్యాను దగ్గరికొచ్చాడు. నెదా మేనమామలు చుట్టూ ఉన్నారు, సాలిహ్ అల్లుడు కూడా ఉన్నాడు, పెళ్లికని యూనిఫారం లేకుండా.

"ఏం చేద్దాం బావా?" అన్నాడు గొంతు తగ్గించి.

కారులో మనుషుల్ని దింపి నా వ్యానులో ఎక్కించమని అనొచ్చు. ఎందుకని అడుగుతారు. పెళ్లికారులోంచి పెళ్లికూతుర్ని దింపి తోలుతిత్తివాడి పక్కన కూర్చోబెడితే ఎందుకని అడగనివాడెవడు?

"చిన్న గేరులో దిగు," అన్నాను. "సగం దూరంలో ఊట ఉంది కదా, అక్కడ ఆపు. నీళ్లు తాగే వంకన అరగంట ఆపు."

"ఆపుతాను."

స్తమెనా కిటికీలోంచి మా ఇద్దర్నీ చూస్తోంది. చెయ్యి ఊపలేదు. అద్దం పైకి తిప్పుకుంది.

కనుమ దాకా ఎక్కడం బాగానే జరిగింది. దిగుడు మొదలైన దగ్గర్నుంచీ నేను కాకి వెనక ఎర్ర దీపాలే చూస్తున్నాను. అవి వెలుగుతున్నాయంటే తొక్కుతున్నాడని. వెలిగాయి, ఆరాయి, వెలిగాయి. మూడో కిలోమీటరు తర్వాత ఆరడం మానేశాయి. నాలుగో మలుపు దగ్గర కాలిన వాసన వ్యాను లోపలికొచ్చింది. సన్నాయివాడు ముక్కు ఎగబీల్చి, ఎవరింట్లోనో మాంసం మాడుతోంది అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.

కుడివైపు కొండ, ఎడమవైపు లోయ. ఊట దగ్గర రోడ్డు కాస్త వెడల్పవుతుంది. రాతి తొట్టి, పక్కన బల్ల. మోటారు సైకిళ్ల మీద ముందే అక్కడికి చేరిన కుర్రాళ్లు సీసాలు పైకెత్తి చూపిస్తున్నారు. కాకి ఆగలేదు. వాళ్ల ముందునుంచి వెళ్లిపోయింది. కుర్రాళ్లు ఈల వేశారు, పెళ్లికొడుక్కి తొందరెక్కువైందని.

ఆగడం ఇష్టంలేక ఆగలేదు అనుకున్నారు వాళ్లు. నాకు తెలిసింది.

హారన్ మీద చెయ్యి పెట్టాను. తియ్యలేదు. నా వెనక పదకొండు కార్లూ హారన్లు మోగించాయి. పెళ్లి ఊరేగింపులో ముందుబండి మోగిస్తే వెనకబండి మోగిస్తుంది. కొండంతా మోగిపోయింది. తోలుతిత్తివాడు ఉత్సాహం పట్టలేక నా చెవి పక్కనే ఊదడం మొదలెట్టాడు. ఆపమని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. ముందు కారులో వెలిన్ వెనక్కి తిరిగి, అద్దంలోంచి మాకు చెయ్యి ఊపాడు. మేమంతా వాడి సంతోషానికే మోగిస్తున్నామనుకున్నాడు.

కాకి రెండు మలుపులు తిరిగింది. మూడో మలుపులో నాకు కనబడలేదు. నేను మలుపు తిరిగేసరికి ఆగి ఉంది.

చేతిబ్రేకు లాగాడట, ఆ వాలుకు పట్టలేదు. జెల్యో స్టీరింగును కుడివైపుకు, కొండ వైపుకు తిప్పాడు. ఎడమకు తిప్పితే నలుగురూ లోయలో. డ్రైవరనేవాడు ఎవడైనా అదే చేస్తాడని కోర్టులో చెప్పారు. నిజమే అయ్యుంటుంది. మా కార్లలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. కొండ తగిలింది కుడివైపు. అటు కూర్చున్నది నా భార్య. నెదా భుజం విరిగింది, వెలిన్ నుదురు చీరుకుపోయింది, జెల్యోకు పళ్లు రాలాయి. నేను కారు దగ్గరికి వెళ్లేసరికి వెనక నుంచి ఇంకా హారన్లు వినబడుతున్నాయి. ఒక్కొక్క కారే మలుపు తిరిగి, చూసి, ఆపేస్తోంది.

నేను అటు తలుపు లాగాను. రాలేదు. రాయి అడ్డముంది.

పెడలు సంగతి కూడా చెప్పాలి. పట్నం నుంచి దర్యాప్తుకు వచ్చినవాళ్లు గంట తర్వాత అక్కడే దాన్ని తొక్కి చూశారు. రాయిలా ఉంది.

వాళ్లు ఆయిలు పట్టుకుపోయి పరీక్ష చేయించారు. ఫిబ్రవరిలో కోర్టులో సాలిహ్‌ను సాక్షిగా పిలిచి, దీని అర్థమేమిటని అడిగారు. ముసలాయన కర్ర మీద రెండు చేతులూ ఆన్చి చెప్పాడు. డబ్బా మీద రాసిన స్పిరిటు వేరు, అది ఫ్యాక్టరీది, తొందరగా మరగదు. ఇందులో ఉన్నది ఇంటి సారా, అందులోనూ మొదటి ధార. బ్రేకు వేడికి అది గొట్టాల్లోనే ఆవిరైపోతుంది. ఆవిరిని ఎంత తొక్కినా చక్రం దాకా బలం పోదు. చల్లారితే మళ్లీ నీరవుతుంది, పెడలు గట్టిబడుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఎంత వెతికినా దొరకలేదు.

"వాసన చూసి కూడా పట్టుకోలేకపోయాను," అన్నాడు. "ఎక్కడిదని అడిగాను. చెప్పినమాట నమ్మాను."

బల్లల మధ్యనుంచి వెళ్తూ నా దగ్గర ఆగాడు. రాదోయ్ అని నా పేరు పెట్టి పిలిచి, నాకొక్కడికే వినబడేలా అన్నాడు.

"బానలో ముందుగా ఏది మరిగి వస్తుందో నీకు తెలియదా, రాదోయ్?"

తెలుసు. నలభై ఏళ్లుగా నా కళ్ల ముందు అదే మరిగి వస్తోంది. నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు. సీసా ఇచ్చాక ఆ నాలుగు వారాల్లో ఒక్క పూటైనా అది తలకు రాలేదంటే ఎవరు నమ్ముతారు? సాలిహ్ నమ్మలేదు. స్తమెనా రొట్టె దగ్గర నన్ను చూసిన చూపును బట్టి, ఆమె కూడా నమ్మి ఉండదు.

తర్వాత న్యాయమూర్తి జెల్యోను అడిగాడు, ఆ సారా ఎవరు ఇచ్చారని.

నేను మూడో వరసలో ఉన్నాను. జెల్యో వెనక్కి తిరగలేదు.

"సంతలో కొన్నాను. అమ్మినవాడు ఎవరో నాకు తెలియదు," అన్నాడు.

రెండోసారి అడిగారు. రెండోసారీ అదే చెప్పాడు. లేచి నిలబడడానికి నాకు చాలినంత సమయం ఉంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. వాడికి రెండేళ్లు వేశారు. నేను బస్సెక్కి ఇంటికొచ్చి పశువులకు మేత వేశాను.

ఊరివాళ్లు నా ముందు వాణ్ణి తిట్టేవారు. నేనూ తిట్టేవాణ్ణి. నా గిన్నెలో సూపు పోసి, పాపం రాదోయ్ అనేవారు. ఆ సూపు తాగేవాణ్ణి. నా పేరు వాడు చెప్పి ఉంటే వాడి పక్కన నాకూ ఒక చోటు ఉండేది, రోజులు లెక్కపెట్టుకోవడానికి నాకూ ఒక గోడ ఉండేది. వాడు నాకు ఏమీ మిగల్చలేదు. జాలి మిగిల్చాడు.

శిక్ష ముగించుకొని వచ్చిన రోజు జెల్యో తన ఇంటికి పోకుండా నేరుగా నా గేటు దగ్గరికొచ్చాడు. చిక్కిపోయాడు. పళ్లు లేక మాట జారుతోంది.

"ఎవరికీ చెప్పలేదు బావా," అన్నాడు. "లోపల కూడా ఎవరికీ చెప్పలేదు. వెలిన్‌కి కూడా."

"తెలుసు."

"మరి లోపలికి రమ్మనవేం?"

"చెప్పలేదు కాబట్టే."

వాడు గేటు మీద చెయ్యి వేశాడు, తీశాడు. తర్వాత మూట భుజానికెత్తుకుని కిందికి వెళ్లిపోయాడు. ఇరవై ఆరేళ్లు ఒకే ఊళ్లో ఉన్నాం, మాటల్లేవు. పోయిన మార్చిలో పోయాడు. సమాధి దగ్గరికి నేను వెళ్లలేదు.

వెలిన్ మాత్రం ప్రతి చలికాలం నాకు కట్టెలు కొట్టి పెట్టి వెళ్తాడు. ఈసారి గొడ్డలి కింద పెట్టి, మామయ్యా, ఆ సారా ఎవరిదో నీకు తెలుసా అని అడిగాడు. నేను వంగి, కట్టెలు ఏరి గోడకు పేర్చాను. వాడు వెళ్లాక కూర్చుని ఇది రాశాను, వాడికివ్వడానికి. ఇది చదివాక వాడు కట్టెలు కొట్టడానికి రాకపోతే రాకపోనీ. వస్తే రానీ. వచ్చినా దీని గురించి అడగకూడదు. వాడడిగినా, పాదిరి అడిగినా, చచ్చేముందు ఎవరు అడిగినా, ఈ విషయం మీద నా నోటినుంచి ఇంకో మాట రాదు.